విశ్వచైతన్యాన్ని శాస్త్రీయంగా పరీక్షించవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పిన కాలం నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు కొందరం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. కాలేజీ పిల్లలు, ఆసుపత్రిలో పనిచేసేవారు, మఠాలకు వెళ్లివచ్చే పెద్దలు, ఆదోని నుంచో బనగానపల్లె నుంచో ఫోను చేసేవారు ఎవరైనా సరే, చివరికి మాట ఇక్కడికే వస్తుంది. అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులను ఒకచోట రాసి పెడుతున్నాను. నా పక్షం ముందే చెప్పడం మంచిది. అద్వైతం మీద నాకు లోతైన గౌరవం ఉంది. ఆ గౌరవం ఉన్నందువల్లే, జరగని ప్రయోగాల పేరు చెప్పి "సైన్స్ దీన్ని నిరూపించేసింది" అనేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

విశ్వచైతన్యం అంటే ఇక్కడ ఏ సిద్ధాంతాల గురించి మాట్లాడుతున్నాం?

ఒకే పేరు కింద తిరుగుతున్నవి కనీసం నాలుగు రకాలు ఉన్నాయి. వాటిని కలిపేస్తే చర్చ అడుగు కూడా ముందుకు పడదు. మొదటిది, ఉన్నది ఒకే చైతన్యం, జగత్తు దానిలో కనిపించేది అనే అద్వైతం, దానికి దగ్గరగా పాశ్చాత్యులు చెప్పే భావవాదం. రెండోది సర్వచేతనవాదం. ఎలక్ట్రాన్ స్థాయిలోనే ఏదో అతి సూక్ష్మమైన అనుభవ లక్షణం ఉందని, మన అనుభవాలు వాటి కూడికతో ఏర్పడతాయని అది అంటుంది. మూడోది, సమాచారం ఒక ప్రత్యేక పద్ధతిలో ముడిపడిన ప్రతి వ్యవస్థకూ కొంత చైతన్యం ఉంటుందనే గణిత సిద్ధాంతం. నాలుగోది, మనుషుల మనసులన్నీ ఒక ఉమ్మడి క్షేత్రంతో కలిసి ఉంటాయని, ఆ క్షేత్రం బయటి ప్రపంచం మీద కొలవదగిన ప్రభావం చూపుతుందని చెప్పేది.

పరీక్షకు నిలబడే శక్తి ఈ నాలుగింటికీ ఒకేలా లేదు.

ఇంతకీ పరీక్షించవచ్చా, లేదా?

"అంతా చైతన్యమే" అన్న వాక్యాన్ని మాత్రమే తీసుకుంటే, పరీక్షించలేం. దానికి ఎవరైనా ఒక కొలతనో, ఒక సంఘటననో జతచేస్తే ఆ జతచేసిన భాగాన్ని పరీక్షించవచ్చు. కొన్నింటిని ఇప్పటికే పరీక్షించారు కూడా.

పరీక్షించడం అంటే సరిగ్గా ఏమిటి?

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. యాగంటి బసవన్న గురించి మూడు రకాల మాటలు వింటుంటాం.

మొదటిది, బసవన్న పెరుగుతున్నాడు, ఇరవై ఏళ్లకు సుమారు ఒక అంగుళం చొప్పున అని. ఒకప్పుడు విగ్రహం చుట్టూ ప్రదక్షిణ చేసే చోటు ఉండేదని, ఇప్పుడు స్తంభాల మధ్య మనిషి పట్టడని పెద్దలు చెబుతారు. ఇది చక్కగా పరీక్షకు లొంగే మాట. విగ్రహం మీద, పక్క స్తంభాల మీద స్థిరమైన గుర్తులు పెట్టి, లేజర్‌తో దూరాలు కొలిచి, పదేళ్ల తర్వాత మళ్లీ కొలిస్తే సరిపోతుంది. ఆ లెక్కన పదేళ్లకు పన్నెండు మిల్లీమీటర్లకు పైగా తేడా రావాలి. అందులో పదో వంతు తేడా వచ్చినా ఇప్పటి పరికరాలు పట్టుకుంటాయి. తేడా రాకపోతే ఆ మాట తప్పిందని ఒప్పుకోవాలి.

రెండోది, కలియుగాంతంలో బసవన్న లేచి రంకె వేస్తాడని. ఏ సంవత్సరమో చెప్పలేదు కాబట్టి ఇవాళ రంకె వినిపించకపోయినా మాట తప్పినట్టు కాదు. ఎంత కాలం గడిచినా అంతే.

మూడోది, ఆ రాతిలో కూడా చైతన్యం ఉందని. చైతన్యం ఉన్న రాయి బరువులో, వేడిలో, గట్టితనంలో మామూలు రాయిలాగే ఉంటుందని ఆ మాట చెప్పేవారే ఒప్పుకుంటారు. అలాంటప్పుడు ఏ పరికరం తెచ్చి ఏం కొలవాలి?

శాస్త్రానికి పట్టు దొరికేది మొదటి రకం మాట దగ్గరే. తప్పని తేలే దారి తెరిచి ఉంచిన ప్రతిపాదనే శాస్త్రీయమైనదని తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1934లో వాదించాడు. ఆయన వాదన మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి గానీ, ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఇప్పటికీ పదునుగానే ఉంది: మీ సిద్ధాంతం ప్రకారం ఏది జరగకూడదు? దీనికి జవాబు చెప్పలేని సిద్ధాంతానికి, జరిగిన ప్రతిదీ సాక్ష్యంలాగే కనిపిస్తుంది. భక్తికి ఈ లెక్కలతో పని లేదు. యాగంటికి వెళ్లి దండం పెట్టుకునేవారు కొలబద్ద తీసుకుని వెళ్లరు, వెళ్లనవసరం లేదు కూడా. శాస్త్రం పేరు వాడుకున్నవారికే ఈ నియమం.

చైతన్యాన్ని నేరుగా కొలిచే పరికరం ఎందుకు లేదు?

ఉష్ణోగ్రతకు థర్మామీటరు ఉంది. అనుభవానికి అలాంటిది లేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు వైద్యులు రోజూ ఎదుర్కొనేది ఇదే. రోగి కదలకపోవచ్చు, రక్తపోటు నిలకడగా ఉండవచ్చు, అయినా లోపల ఏదైనా తెలుస్తోందా లేదా అన్నది చివరికి రోగి లేచాక చెప్పే మాటను బట్టే రూఢి అవుతుంది. చైతన్యం మీద జరిగిన ప్రతి ప్రయోగం అడుగున "నాకు కనిపించింది", "నాకు ఏమీ తెలియలేదు" అని ఒక మనిషి చెప్పిన మాట ఉంటుంది. రాయి ఆ మాట చెప్పలేదు. ఎలక్ట్రాన్ చెప్పలేదు. విశ్వం కూడా చెప్పలేదు.

అయినా వైద్యులు చాలా దూరం వచ్చారు. 2013లో ఇటలీ శాస్త్రవేత్తల నాయకత్వంలో ఒక పద్ధతి వచ్చింది. తలపై నుంచి అయస్కాంత స్పందన ఒకటి పంపుతారు. మెదడంతా దానికి ఇచ్చే ప్రతిస్పందనను ఈఈజీతో, అంటే తలపై తీగలు అతికించి మెదడు విద్యుత్ తరంగాలను పట్టే పరీక్షతో, నమోదు చేసి, ఆ నమూనా ఎంత సంక్లిష్టంగా ఉందో 0 నుంచి 1 మధ్య ఒక అంకెగా తేలుస్తారు. మెలకువలోనూ కలలోనూ ఆ అంకె ఎక్కువగా ఉంటుంది, గాఢనిద్రలోనూ చాలా రకాల మత్తులోనూ పడిపోతుంది. 0.31 దగ్గర గీత గీస్తే రెండు గుంపులు విడిపోతాయని 2016లో చూపించారు. 2024లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, పైకి ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మంది రోగులను పరీక్షిస్తే, 60 మంది మెదళ్లు "ఇది ఊహించుకోండి" అన్న ఆజ్ఞను పాటిస్తున్నట్టు స్కాన్‌లలోనో ఈఈజీలోనో తేలింది. అంటే సుమారు నలుగురిలో ఒకరు. మంచం పక్కన నిలబడి ఆశ వదులుకున్న కుటుంబాలకు ఈ సంగతి ఎంత ముఖ్యమైనదో ఆలోచించండి. తత్త్వశాస్త్రపు చిక్కు తెగకపోయినా శాస్త్రం చేయగలిగిన మేలు ఇది.

1998లో వేసిన పందెం సంగతేమిటి?

జర్మనీలోని బ్రేమెన్ నగరంలో నాడీశాస్త్రవేత్త క్రిస్టోఫ్ కోక్, తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ పందెం వేసుకున్నారు. చైతన్యానికి మెదడులో ఉన్న స్పష్టమైన గుర్తు పాతికేళ్లలో దొరుకుతుందని కోక్ అన్నాడు, దొరకదని చామర్స్ అన్నాడు. 2023 జూన్‌లో న్యూయార్క్ సభలో కోక్ ఓటమి ఒప్పుకుని ఒక పెట్టె వైన్ ఇచ్చాడు. మరో పాతికేళ్లకు మళ్లీ పందెం వేశారు.

ఓటమికన్నా, అదే సభలో బయటపెట్టిన ప్రయోగం విలువైనది. రెండు పోటీ సిద్ధాంతాలవారు ముందుగానే కూర్చుని, ఏ ఫలితం వస్తే ఎవరి మాట తప్పినట్టో రాసుకున్నారు. ప్రయోగం చేసింది మాత్రం ఏ పక్షానికీ చెందని ప్రయోగశాలలు. 256 మందికి బొమ్మలు చూపిస్తూ మూడు రకాల పరికరాలతో మెదడును కొలిచారు. మెదడు వెనుక భాగంలో అనుభవం ఉన్నంతసేపూ నాడుల లయ కలిసి ఉండాలని ఒక సిద్ధాంతం అంటే, అది అనుకున్నట్టు కనిపించలేదు. బొమ్మ తొలగించిన క్షణంలో మెదడు ముందుభాగం ఒక్కసారిగా మళ్లీ వెలగాలని రెండో సిద్ధాంతం అంటే, అదీ చాలావరకు కనిపించలేదు. 2025లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. రెండు పక్షాలూ పూర్తిగా గెలవలేదు, అయినా ఈ రంగంలో ఇంత నిజాయితీగా జరిగిన పని నాకు మరొకటి కనిపించదు. వాదనకు దిగేముందు పూర్వపక్షాన్ని, అంటే ప్రత్యర్థి వాదాన్ని, అవతలివారు ఒప్పుకునేలా చెప్పడం మన శాస్త్రార్థ సంప్రదాయం. ఇక్కడ దానికి కొలతలు కూడా తోడయ్యాయి.

ఆ గణిత సిద్ధాంతం రాయికీ రప్పకూ చైతన్యం ఉందంటుందా?

పైన మూడోదిగా చెప్పింది, నాడీశాస్త్రవేత్త జూలియో టొనోని 2004లో ప్రతిపాదించిన సమీకృత సమాచార సిద్ధాంతం. ఒక వ్యవస్థ భాగాలుగా విడిపోతే ఎంత పోగొట్టుకుంటుందో లెక్కగట్టి, దానికి ఫై అనే అంకె ఇస్తుంది. ఫై సున్నా కాకపోతే కొంత చైతన్యం ఉన్నట్టే. ఈ లెక్కన రాయికి ఒక వ్యవస్థగా చైతన్యం ఉండదు, గుట్టగా పోసిన ఇసుకకు ఉండదు, మనం వాడే మామూలు కంప్యూటర్‌లో ఎంత తెలివైన ప్రోగ్రాం నడిచినా దాదాపు ఉండదు. కానీ కొన్ని చిన్న, మొద్దు వలయాలకు, అంటే సర్క్యూట్లకు, మాత్రం ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఆరన్సన్ 2014లో ఇదే పట్టుకున్నాడు. ఉపయోగకరమైన పనేదీ చేయని ఒక పెద్ద గళ్ల వలయానికి మనిషికన్నా ఎక్కువ ఫై వస్తుందని చూపించాడు. టొనోని వెనక్కి తగ్గలేదు, అవును, దానికి చైతన్యం ఉన్నట్టేనని ఒప్పుకున్నాడు.

ఆ తెగువ నాకు నచ్చింది గానీ, ఆ ఒప్పుకోలును పరీక్షించేది ఎలా? వలయాన్ని అడగలేం. పైగా ఫై లెక్కగట్టే పని వ్యవస్థ పెరిగే కొద్దీ భయంకరంగా పెరుగుతుంది. 302 నాడీకణాలున్న చిన్న పురుగుకు కూడా కచ్చితంగా లెక్కగట్టడం ఇప్పటికి సాధ్యం కాదు. 2023లో 124 మంది పరిశోధకులు ఇది కుహనా శాస్త్రమని బహిరంగ లేఖ రాశారు. అది తొందరపాటు అని నా అభిప్రాయం. మెదడు గురించి ఆ సిద్ధాంతం చెప్పే మాటలను పరీక్షిస్తున్నారు కదా. మెదడు దాటి విశ్వానికి చాచిన భాగం మాత్రం ఇంకా నమ్మకమే.

క్వాంటం సిద్ధాంతం విశ్వచైతన్యాన్ని నిరూపించిందని చాలామంది చెబుతారు. నిజమా?

నిజం కాదు. భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి ఇది గట్టిగానే చెబుతున్నాను. క్వాంటం సిద్ధాంతంలో "పరిశీలకుడు" ఉంటే చాలు, మనిషి అక్కరలేదు. ఎవరూ లేని గదిలో డిటెక్టర్ ఉన్నా ఫలితం అదే. కొలతకు ముందు తరంగంలా అనేక అవకాశాలుగా ఉన్నది ఒకే ఫలితంగా కుదించుకోవడం మనసు వల్లేనని భౌతికశాస్త్రవేత్త యూజీన్ విగ్నర్ 1960ల మొదట్లో రాశాడు, తర్వాత తానే ఆ అభిప్రాయం వదులుకున్నాడు. క్వాంటం సిద్ధాంత నిర్మాతల్లో ఒకరైన ష్రోడింగర్‌కు వేదాంతం మీద ప్రేమ ఉన్నమాట వాస్తవం. చైతన్యం ఒక్కటేనని ఆయన నమ్మాడు. అయితే 1926లో ఆయన రాసిన సమీకరణంలో ఆ నమ్మకం ఎక్కడా లేదు. వేదాంతం పేరు కూడా వినని విద్యార్థి వేసినా లెక్క సరిగ్గానే వస్తుంది.

భౌతికశాస్త్రవేత్త రోజర్ పెన్రోజ్, మత్తు వైద్యుడు స్టూవర్ట్ హామెరాఫ్‌ల ప్రతిపాదన వేరు. నాడీకణాల్లోని సన్నని గొట్టాల్లో, అంటే మైక్రోట్యూబ్యూళ్లలో, గురుత్వం కారణంగా జరిగే క్వాంటం కుదింపే చైతన్య క్షణమని వారు అన్నారు. ఇది తప్పని తేలే ప్రమాదానికి సిద్ధపడిన సిద్ధాంతం, దెబ్బలూ తింది. వెచ్చని, తడి మెదడులో అలాంటి స్థితి 10⁻¹³ సెకనుకు మించి నిలవదని భౌతికశాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ 2000లో లెక్కగట్టాడు. నాడులు పనిచేసే కాలానికి అది ఏమాత్రం సరిపోదు. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1,400 మీటర్ల రాయి అడుగున జెర్మేనియం డిటెక్టర్‌తో జరిగిన ప్రయోగం, గురుత్వ కుదింపు నమూనాల్లో అతి సరళమైనది చెప్పిన వికిరణం కనిపించక దాన్ని కొట్టివేసింది. తమ సిద్ధాంతం రూపంలో ఆ వికిరణం ఉండనక్కరలేదని పెన్రోజ్ పక్షం అంది. మరోవైపు, మైక్రోట్యూబ్యూళ్లను బిగించే మందు ఇచ్చిన ఎలుకలు మత్తులోకి జారడానికి ఒక నిమిషానికి పైగా ఎక్కువ సమయం తీసుకున్నాయని 2024లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ గొట్టాలకు మత్తుతో సంబంధం ఉండవచ్చని దానివల్ల తెలుస్తుంది. క్వాంటం సంగతి తేల్చడానికి అది చాలదు. విశ్వమంతా ఒకే చైతన్యం అన్నమాట ఆ ప్రయోగానికి ఇంకా ఎంతో దూరం.

వేలమంది కలిసి ధ్యానం చేస్తే నేరాలు తగ్గాయట కదా?

ఇది నాలుగో రకం సిద్ధాంతం, పరీక్షకు నేరుగా దొరికే రకం. 1993 జూన్ 7 నుంచి జూలై 30 వరకు వాషింగ్టన్‌లో చివరికి సుమారు 4,000 మంది కలిసి ధ్యానం చేశారు. నేరాలు తగ్గుతాయని ముందే ప్రకటించారు. ఆ ముందు ప్రకటనకు వారిని మెచ్చుకోవాలి. తర్వాత హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయని ప్రచురించారు. దేనితో పోలిస్తే తగ్గాయి? ధ్యానం జరగకపోయి ఉంటే ఎన్ని నేరాలు జరిగేవో ఒక గణిత నమూనాతో ఊహించి, ఆ ఊహతో పోల్చారు. హత్యలు మాత్రం తగ్గలేదు. ఒక నగరం, ఒక వేసవి, నిర్వాహకులే విశ్లేషకులు. ఇంత పెద్ద వాదానికి ఈ ఆధారం సరిపోదు. స్వతంత్రులు, వేర్వేరు నగరాల్లో, ఏ వారాల్లో ధ్యానం జరగాలో చీటీ వేసి నిర్ణయించి చేయాలి.

ప్రిన్‌స్టన్‌లో 1998లో మొదలైన ప్రపంచ చైతన్య ప్రాజెక్టు కూడా ఈ కోవలోదే. దేశదేశాల్లో యాదృచ్ఛిక అంకెలు పుట్టించే యంత్రాలు పెట్టి, ప్రపంచమంతా ఒకే సంఘటన మీద మనసు పెట్టినప్పుడు ఆ అంకెల్లో క్రమం కనిపిస్తుందేమో చూశారు. సుమారు 500 సంఘటనలు లెక్కించి, కలిపి చూస్తే యాదృచ్ఛికం కాదన్నారు. ఏ సంఘటన ఎంచుకోవాలి, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు లెక్కించాలి అన్నది ప్రాజెక్టువారి చేతిలోనే ఉండటం దాని బలహీనత. 2001 సెప్టెంబర్ 11 సమాచారాన్ని ఇతరులు మళ్లీ విశ్లేషిస్తే, లెక్కించే సమయపు హద్దులను కొద్దిగా జరిపితే ఆ విశేషం మాయమవుతుందని తేలింది.

చనిపోయి బతికినవారు పైనుంచి తమ శరీరాన్ని చూశామంటారు. అది సాక్ష్యం కాదా?

ఆ అనుభవం నిజంగా కలుగుతుంది, అందులో నాకు సందేహం లేదు. మెదడు లేకుండా చూడగలిగారా అన్నదే ప్రశ్న. దాన్ని పరీక్షించడానికి వైద్యుడు శామ్ పార్నియా బృందం చక్కని ఏర్పాటు చేసింది. ఆసుపత్రి గదుల్లో పైకప్పు దగ్గర బల్లలు అమర్చి, పైనుంచి చూస్తేనే కనిపించేలా బొమ్మలు పెట్టారు. 2014లో ప్రచురించిన మొదటి అధ్యయనంలో 15 ఆసుపత్రులు, గుండె ఆగిన 2,060 ఘటనలు ఉన్నాయి. బతికినవారిలో 140 మందితో మాట్లాడారు. చూసినదీ విన్నదీ స్పష్టంగా చెప్పినవారు ఇద్దరు. ఆ ఇద్దరి గుండె ఆగిన చోట్లలో బల్లలు లేవు. 2023లో వచ్చిన రెండో అధ్యయనంలో 567 మంది రోగులు, మాట్లాడగలిగినవారు 28 మంది. తెర మీద చూపిన బొమ్మను ఎవరూ గుర్తించలేదు. చెవిలో వినిపించిన పండ్ల పేర్లను ఒకరు గుర్తించారు.

మన పక్క రాష్ట్రం కర్ణాటకలోని బైలకుప్ప వంటి టిబెట్ శిబిరాల్లో కొందరు భిక్షువులు మరణానంతరం కూడా రోజుల తరబడి ధ్యానంలో ఉంటారని, శరీరం చెడదని చెబుతారు. అలాంటి 13 మందిని ఈఈజీతో పరీక్షించిన అధ్యయనం 2021లో వచ్చింది. మెదడు తరంగాలేవీ దొరకలేదు. శరీరం ఆలస్యంగా చెడటానికి కారణమేమిటన్నది వేరే ప్రశ్న, వెతకదగిన ప్రశ్న. ఈ అధ్యయనాన్ని ఆ సంప్రదాయం వారే ఆహ్వానించి, ఆప్తుల భౌతికకాయాల దగ్గరకు రానిచ్చారు. ఆ ధైర్యానికి చేతులెత్తి నమస్కరిస్తాను.

మెదడు రేడియో లాంటిది, చైతన్యం ప్రసారం లాంటిది అంటే తప్పేమిటి?

అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1898లోనే దీనికి దగ్గరి మాట అన్నాడు. తర్కంలో తప్పు లేదు, పరీక్ష దగ్గరే తేలిపోతుంది. రేడియోలో ఒక తీగ తెగితే శబ్దం పాడవుతుంది గానీ, వార్తలు చదివే మనిషి రంగులు మరచిపోడు. మెదడులో అడుగుభాగాన ఒకచోట దెబ్బతగిలితే కొందరికి రంగు అన్న అనుభవమే పోతుంది, ఇంకోచోట తగిలితే భార్య ముఖం చూసి కూడా గుర్తుపట్టలేరు. అంటే మెదడులో మార్పు వస్తే అనుభవపు లోపలి సరుకే మారుతోంది. దానికీ రేడియో సిద్ధాంతంలో సర్దుబాటు చేయవచ్చు. అలా సర్దుతూ పోతే చివరికి మెదడే చైతన్యాన్ని పుట్టిస్తుందన్న సిద్ధాంతానికీ దీనికీ ఏ ప్రయోగంలోనూ తేడా మిగలదు.

ఉన్నది ఒకే చైతన్యమైతే పక్కింటివాడి పంటినొప్పి నాకెందుకు తెలియదు?

అద్వైతులు ఉపాధి భేదం అంటారు, అంటే చైతన్యం ఒక్కటే అయినా అది కనిపించే దేహాలు, మనసులు వేరని. ఇప్పటి భావవాదులు, ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు విడిపోయే మానసిక స్థితిని ఉదాహరణగా చూపుతారు. సర్వచేతనవాదులకు ఇదే చిక్కు తిరగబడి వస్తుంది: కోట్ల సూక్ష్మ అనుభవాలు కలిసి నా ఒక్క అనుభవం ఎలా అయింది? పన్నెండు మందికి తలా ఒక మాట ఇస్తే, మొత్తం వాక్యం ఎవరి మనసులోనూ ఉండదని 1890లో జేమ్స్ రాశాడు. దానికి తృప్తికరమైన జవాబు ఈనాటికీ రాలేదు. ఈ రెండు చిక్కుల్లో ఏదైనా ఒకటి గణితంగా మారితే, అంటే ఎప్పుడు కలుస్తాయో, ఎప్పుడు విడిపోతాయో ఎవరైనా లెక్కతో చెప్పగలిగితే, పరీక్షకు దారి తెరుచుకుంటుంది.

వేరుశెనగ చేనుకు బాధ తెలుస్తుందా?

అనంతపురం రైతు ఒకాయన అడిగిన ప్రశ్న. వేరుశెనగ ఆకులు రాత్రి ముడుచుకుంటాయి, అత్తిపత్తి తాకగానే ముడుచుకుంటుంది. మొక్కల్లో విద్యుత్ స్పందనలు ఉన్నాయని జగదీశ్ చంద్ర బోస్ 1901లో లండన్‌లో చూపించాడు. ఈథర్ వంటి మత్తు ఇస్తే అత్తిపత్తి ముడుచుకోవడం ఆగిపోతుందని 2018లో మరోసారి చూపించారు. స్పందన ఉందన్నది రుజువైంది. ఆ స్పందన వెనుక అనుభవం ఉందా అన్నది పైన చెప్పిన చిక్కులోనే ఉంది, ఎందుకంటే మొక్క మాట్లాడదు.

ఉపనిషత్తుల్లో పరీక్షకు పనికివచ్చేది ఏదైనా ఉందా?

ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా ఇదే. మాండూక్యం మెలకువ, కల, గాఢనిద్ర అని మూడు అవస్థలు చెప్పి, వాటికి ఆధారంగా తురీయాన్ని, అంటే నాలుగోదాన్ని, చెబుతుంది. గాఢనిద్రలో విషయాలు ఉండవు గానీ చైతన్యం ఉంటుందని అద్వైతుల వాదం. లేచాక "సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటాం, అనుభవించనిదాన్ని ఎలా గుర్తు చేసుకుంటాం అని వారు అడుగుతారు. అది జ్ఞాపకం కాదు, లేచాక శరీరం తేలికగా ఉండటం చూసి చేసిన అనుమానం, అంటే గుర్తును బట్టి ఊహించి తేల్చుకున్నది, అని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, బదులిస్తారు. వందల ఏళ్లు నడిచిన వాదం ఇది.

ఇవాళ నిద్ర ప్రయోగశాలల్లో మనిషిని రాత్రంతా మాటిమాటికీ లేపి, లేపేముందు ఏం అనుభవంలో ఉందో అడుగుతున్నారు. కొందరు కల చెబుతారు. కొందరు ఏమీ లేదంటారు. కొందరు మాత్రం ఏదో ఉంది, ఏమిటో చెప్పలేను అంటారు. 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అనుభవం ఉందన్నవారి మెదడు వెనుక భాగంలో నెమ్మది తరంగాలు తగ్గాయి, లేదన్నవారిలో ఎక్కువగా ఉన్నాయి. 2016లో కొందరు తత్త్వవేత్తలు, శాస్త్రవేత్తలు కలలేని నిద్రలోనూ ఒక రకం అనుభవం ఉండవచ్చని, దాన్ని రకాలుగా విడదీసి పరిశోధించాలని రాశారు. ఏళ్ల తరబడి సాధన చేసినవారిని ఇలా లేపి అడిగితే విషయంలేని ఎరుక గురించి చెబుతారా, అప్పుడు వారి మెదడులో మిగతావారికి లేని గుర్తు ఏదైనా ఉందా? ఇది అక్షరాలా పరీక్షించదగిన ప్రశ్న. నైయాయికుల అభ్యంతరం మాత్రం ప్రయోగశాలలోకీ వస్తుంది. లేచాక చెప్పిన మాట నిద్రలోని జ్ఞాపకమా, లేచాక కట్టుకున్న అనుమానమా? ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గాఢనిద్రలో ఎరుక ఉందని తేలినా, ఆ ఎరుక విశ్వమంతటికీ ఒక్కటేనని తేలినట్టు కాదు.

చైతన్యం మెదడులోనే పుడుతుందన్నది కూడా నిరూపణ కాలేదు కదా?

కాలేదు. జడపదార్థం నుంచి అనుభవం ఎలా వచ్చిందో ఎవరూ వివరించలేదు. చామర్స్ 1995లో దీన్నే కఠిన సమస్య అన్నాడు. కిణ్వంతో మత్తు పుట్టినట్టు నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాల కలయికతో చైతన్యం పుడుతుందని చార్వాకులు చెప్పినప్పుడు కూడా ఆ "ఎలా" మిగిలే ఉంది. భౌతికవాదం కూడా మూలంలో ఒక తాత్త్విక వైఖరే. అయితే దాని నీడలో పనిచేసినవారు మత్తుమందుల గురించి, మెదడు గాయాల గురించి తప్పని తేలగలిగే మాటలు వేలకొద్దీ చెప్పారు, వాటిలో చాలా నిలిచాయి. విశ్వచైతన్యం పక్షాన అలాంటి మాటలు ఇంకా చాలా తక్కువ.

పరీక్షించలేకపోతే వదిలేయాలా?

అక్కరలేదు. కణాదుడు, డెమాక్రిటస్ అణువుల గురించి చెప్పినప్పుడు పరీక్షించే దారి లేదు. రెండు వేల ఏళ్లకు పైగా అది తత్త్వంగానే ఉంది. 1905లో ఐన్‌స్టైన్ అణువుల తాకిడికి నీటిలోని రేణువులు ఎంత దూరం జరగాలో లెక్క చెప్పాడు, 1908లో జ్యాఁ పెరాఁ కొలిచాడు, సరిపోయింది. ఆలోచనను బతికించి ఉంచినవారికీ మనం రుణపడి ఉన్నాం. అయితే 1800లో ఎవరైనా "అణువు నిరూపితమైంది" అని ఉంటే అది అబద్ధమే అయ్యేది. విశ్వచైతన్యం విషయంలో మనం ఇప్పుడు అలాంటి కాలంలోనే ఉన్నాం.

ధ్యానంలో ఆ ఐక్యత నాకు స్వయంగా అనుభవమైంది. అది చాలదా?

మీ జీవితానికి చాలవచ్చు. ఆ అనుభవం కలిగిందనడానికి మీరే ప్రమాణం, దానితో ఎవరూ వాదించలేరు. విశ్వం నిర్మాణం కూడా అలాగే ఉందనడానికి మాత్రం అది ప్రమాణం కాదు. అదే ధ్యానంలో గాఢంగా మునిగిన బౌద్ధ సాధకుడు నిత్యమైన ఆత్మ ఏదీ లేదని తెలుసుకుని లేచాడు.

మా కాలేజీలో మేమే ఏదైనా ప్రయోగం చేయవచ్చా?

తప్పకుండా చేయవచ్చు, ఖర్చు లేనిది ఒకటి చెబుతాను. సమూహ ధ్యానం యాదృచ్ఛిక అంకెలను మారుస్తుందన్న వాదాన్ని పరీక్షించండి. కంప్యూటర్‌తో ఒక్కో విడతకు 10,000 సార్లు బొమ్మాబొరుసు వేయించండి. దీనికి సూత్రంతో అంకెలు అల్లే మామూలు ప్రోగ్రాం పనికిరాదు, యంత్రంలోని విద్యుత్ సవ్వడి నుంచి అంకెలు తీసే పరికరం కావాలి, అది చవకగానే దొరుకుతుంది. బొమ్మలు సగటున 5,000 రావాలి. ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మామూలుగా ఉండే తేడా, 50 కాబట్టి, ఏ ప్రభావమూ లేకపోయినా నూటికి తొంభై అయిదు సార్లు 4,902కూ 5,098కూ మధ్యే ఉంటాయి. అంటే ఇరవై విడతల్లో ఒకటి ఊరికే ఆ హద్దు దాటుతుంది. దాన్ని చూసి మురిసిపోకూడదు.

మొదలుపెట్టే ముందే కాగితం మీద రాయండి: ఎన్ని విడతలు, ఏ తేదీల్లో, ఎంతమంది, బొమ్మలు పెరుగుతాయంటున్నారా తగ్గుతాయంటున్నారా. ఏ విడతలో ధ్యానం ఉండాలి, దేనిలో ఉండకూడదు అన్నది చీటీ తీసి నిర్ణయించండి. లెక్కలు చూసే విద్యార్థికి ఏది ఏ విడతో తెలియకూడదు. మధ్యలో ఫలితం బాగుందని ఆపవద్దు, బాగాలేదని పొడిగించవద్దు. ఆ కాగితం ప్రతిని, ప్రయోగంతో సంబంధం లేని ఒక లెక్చరర్‌కు మొదటి విడతకు ముందే ఇచ్చి, తేదీ వేయించి సంతకం తీసుకోండి. విడతలన్నీ అయ్యాక అంకెలన్నిటినీ, హద్దులో ఉన్నవాటినీ దాటినవాటినీ కలిపి, కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టండి.